దర్బను నుంచి వచ్చిన లోవమ్మత్త

ఏంటమ్మా దుర్గా, మళ్ళీ చెప్పు, ఈ చెవి సరిగ్గా వినబడదు నాకు. ఎవరు? దర్బను లోవమ్మా? ఆ పేరు నీకెవరు చెప్పారు? ఓహో, మీ లా కాలేజీలో ఆ దేశం పాఠం చెబుతున్నారా. తెల్లోళ్ళు ఒకచోట ఉండాలి, మిగతావాళ్ళు ఇంకోచోట ఉండాలి అని చట్టాలు రాసుకున్నారని. ఆయ్, రాసుకున్నారు. మరి అప్పుడు మీ అమ్మ అందా, అక్కణ్ణుంచి వచ్చినావిడ మనింట్లోనే ఉండేదని? మీ అమ్మకి జడలు వేసింది ఆవిడే కదా. అయినా మీ అమ్మకేం గుర్తుంటుందిలే, ఆవిడ పెట్టిన చేపల పులుసు తప్ప. కూర్చో, ఆ కుర్చీ వద్దు, కాలు ఊగుతోంది, ఇలా అరుగు మీద కూర్చో. ఆ పూతరేకుల డబ్బా కాస్త ఇటు తియ్యి. మీ అమ్మమ్మ చూస్తే సుగరూ సుగరూ అని నన్ను పీక్కుతింటుంది. ఒక్కటే. ఊఁ. ఆత్రేయపురంలో బస్సు దిగి కొన్నావా, దారిలో దుకాణంలోనా? నెయ్యి బాగానే వేశాడు.

లోవమ్మత్త అంటే నాకు వరసకి మేనత్త. మా నాన్న బంగార్రాజుకి పెదనాన్న కూతురో చిన్నాన్న కూతురో అని అడుగుతారు చూడు, చిన్నాన్న కూతురు. మా తాతకి తమ్ముడు ఒకాయన ఉండేవాడు, పోలయ్య అని. ఆ రోజుల్లో కాకినాడ నుంచి ఏజెంట్లు ఊళ్ళమ్మట తిరిగేవారట. 'చెరుకు తోటల్లో పనిరా అబ్బాయ్, ఐదేళ్ళు చేసి వచ్చెయ్యడమే' అని ఊరించేవారు. మా పోలయ్య తాత ఏదో వల దగ్గర అన్నగారితో మాటామాటా అనుకుని, కోపంలో వేలిముద్ర వేసేసి ఓడెక్కేశాడు. ఎక్కాక తెలిసింది ఆయనకి, ఆ ఊరు ఎంత దూరమో. చెరుకు నరకడం మనవాళ్ళకేం వచ్చు చెప్పు? కత్తి పట్టుకుంటే చేతులు బొబ్బలు, పని ఆపితే కొరడా. ఎలాగో గడువు పూర్తి చేసుకుని దర్బను ఊళ్ళోకి వచ్చేశాడు. అక్కడ సముద్రం లోపలికి చొచ్చుకొచ్చి పెద్ద మడుగులా ఉంటుందట, మధ్యలో ఓ దీవి. ఆ దీవి మీద అప్పటికే మన తెలుగోళ్ళూ అరవోళ్ళూ రేకుల ఇళ్ళు వేసుకుని, అలివి వలలు లాగుతున్నారు. అలివి వల తెలుసుగా, పదిమంది పట్టి ఒడ్డుకి లాగుతారే, ఆ పెద్ద వల. అది చూసి మా తాత ప్రాణం లేచొచ్చింది. అక్కడే ఉండిపోయాడు, అక్కడే పెళ్ళి చేసుకున్నాడు, అక్కడే ఈవిడ పుట్టింది. అంత దూరం పోయినా తుని దగ్గర లోవ తల్లిని మర్చిపోలేదు చూడు, కూతురికి ఆ పేరే పెట్టుకున్నాడు.

మనిషి ఎలా ఉండేదంటే... పొట్టిగా, బండలా గట్టిగా ఉండేది. గొంతు మాత్రం, ఈ చివర చేపల బుట్టెత్తుకుని 'కానగంతలో' అని కేకేస్తే ఆ చివర వీధిలో కుక్కలు లేచేవి. అక్కడా చేపలే అమ్మింది. చలికాలంలో కవళ్ళ చేపలు ఒడ్డుకి గుట్టలు గుట్టలుగా కొట్టుకొచ్చేవట, చీరకొంగుతో కూడా పట్టుకోవచ్చట. నేను నమ్మేవాణ్ణి కాదనుకో. 'నీ మొహం, నువ్వేం చూశావురా' అనేది. ఆవిడ మొగుడు, అంటే మా మావయ్య, వెంకటరమణ. ఆయన్ని నేను చూడలేదు. వల లాగేటప్పుడు పదం, అదే పాట, ఆయనే ఎత్తేవాడట. నెమ్మదస్తుడు. గొడవంటే ఆమడదూరం పారిపోయే మనిషి. అలాంటాయనకి ఇలాంటావిడ దొరికింది.

అక్కడ అన్నిటికీ బోర్డు ఉండేదట అమ్మా. పార్కులో బల్ల మీద బోర్డు, పోస్టాఫీసు కిటికీ మీద బోర్డు, రైలుస్టేషన్లో గది మీద బోర్డు. 'తెల్లవాళ్ళకి మాత్రమే'. ఆఖరికి సముద్రంలో స్నానం చేసే ఒడ్డు కూడా పంచుకున్నారు. 'ఇటు మునిగితే నేరం, అటు మునిగితే పుణ్యం' అని నవ్వేది. మనవాళ్ళ పరిస్థితి అలాగుంటే, ఆ దేశం ఎవరిదో ఆ నల్లోళ్ళ సంగతి ఇంకా ఘోరం. సొంత గడ్డ మీద వీధిలో నడవాలన్నా జేబులో అనుమతి కాగితం ఉండాలి. లేకపోతే పోలీసు వ్యాను ఎక్కించేస్తాడు. ఆవిడ పక్కన బజార్లో కూరగాయలు అమ్మే నల్లామెని అలా ఎక్కించేస్తే, ఆమె బుట్ట సాయంత్రందాకా ఈవిడే అమ్మిపెట్టిందట. వాళ్ళ భాష వచ్చు ఈవిడకి. జూలూ. మనింట్లో కోపం వస్తే ఆ భాషలోనే తిట్టేది, మా అమ్మకి అర్థం కాక 'ఏవన్నారు వదినా' అని అడిగేది పాపం.

ఆ... ఎక్కడున్నాం? ఆవిడ జైలుకెళ్ళిన సంగతికి రాలేదు ఇంకా. యుద్ధం అయ్యాక, ఇక్కడ మనకింకా స్వతంత్రం రాకముందు, అక్కడ ఓ చట్టం చేశారు. మనవాళ్ళు ఊళ్ళో ఎక్కడ పడితే అక్కడ స్థలం కొనకూడదు, ఉండకూడదు, వాళ్ళు గీత గీసిన చోటే ఉండాలి అని. అప్పటికే దీవి నేవీ వాళ్ళకి కావాలని వీళ్ళని ఒడ్డుకి తోలేశారులే, ఆ మంట ఉంది. దాంతో మనవాళ్ళు ఏం చేశారంటే, ఊరి మధ్యలో ఖాళీ స్థలం ఒకటుంటే, తెల్లోళ్ళకి రాసిపెట్టిన స్థలం, అందులో గుడారాలు వేసి కూర్చున్నారు. పోట్లాట లేదు, రాళ్ళు లేవు. ఊరికే కూర్చోడం. పట్టుకెళ్తే జైలుకి పోవడం, ఇంకో జట్టు వచ్చి కూర్చోడం. లోవమ్మత్త మొదట కూర్చోడానికి వెళ్ళలేదు. బజారు ఆడవాళ్ళంతా అన్నం వండి పంపిస్తుంటే, ఈవిడ చేపల కూర తీసుకెళ్ళింది. సాయంత్రం పూట తెల్ల కుర్రాళ్ళు గుంపుగా వచ్చి గుడారాలు పీకేసి, ఉన్నవాళ్ళని కాళ్ళతో తన్నడం మొదలెట్టారట. ఈవిడ పక్కనే ఓ చదువుకున్న అమ్మాయి, నీలాగే సన్నగా ఉండేదట, నోట్లోంచి రక్తం కారుతున్నా చెయ్యెత్తకుండా కూర్చుంది. ఈవిడకి చేతిలో కూర గిన్నె. 'ఆ గిన్నె ఎత్తి ఒకడి నెత్తిన కొట్టేద్దామనిపించిందిరా' అని చెప్పేది. 'కానీ ఆ పిల్ల నాకేసి చూసి తల అడ్డంగా ఊపింది. నాకు సిగ్గేసింది. గిన్నె కింద పెట్టి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను.' ఇంతే. ఎవరో ఉపన్యాసం చెబితే కాదు.

మర్నాడు కోర్టు. దొర ఇంగ్లీషులో అడుగుతాడు, మధ్యలో తెలుగు చెప్పే అరవాయన ఒకడు. ఆవిడ అనుకరించి చూపించేది, దొర ముక్కుతో మాట్లాడ్డం, ఆ అరవాయన వణికిపోవడం. 'అమ్మా, దొరగారు అడుగుతున్నారు, ఆ స్థలం ఎవరిదో నీకు తెలియదా అని.' ఈవిడ, 'ఖాళీగా ఉందండి. ఎవరూ కూర్చోలేదు. అందుకని కూర్చున్నాను.' 'అలా చెబితే శిక్ష పెరుగుతుందమ్మా, తప్పయిందని చెప్పేస్తాను' అన్నాడట ఆయన మెల్లిగా. 'నేను చెప్పింది చెప్పు బాబూ, నీది కాదు' అంది. జైలు వేశారు. బట్టలుతికే పని. చిన్నపిల్ల అప్పటికి, కూతురు, రత్నమాణిక్యం, ఇంకా సరిగ్గా మాటలు కూడా రాలేదు. వదిలిపెట్టిన రోజు మావయ్య జైలు గేటు దగ్గర పిల్లని భుజం మీద వేసుకుని నిలబడ్డాడట. ఏం తిడతాడో అని ఈవిడ భయపడుతూ వస్తే, ఆయన 'ఈసారి వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళు లోవా, పిల్లకి జ్వరం వస్తే మందు ఎక్కడుందో తెలియలేదు' అన్నాడట. అంతే. ఆ మాట చెప్పినప్పుడల్లా కొంగు తీసి ముక్కు తుడుచుకునేది.

కరెంటు పోయిందా? పోనీలే, గాలొస్తోంది.

తర్వాత కొన్నేళ్ళకి అసలు చట్టం వచ్చింది. మ్యాపు ముందు పెట్టుకుని, ఇది తెల్లోళ్ళకి, ఇది ఇండియావాళ్ళకి, ఇది నల్లోళ్ళకి అని దేశమంతా పంచేశారు. కూరగాయల మడులు పంచినట్టు. వీళ్ళున్న ఒడ్డు తెల్లోళ్ళ వాటాలోకి పోయింది. ఎప్పట్నుంచో ఉన్న ఇళ్ళు, గుడి, వలలు ఆరేసుకునే స్థలం, అంతా పోవాలి. ఎక్కడో లోపల గుట్టల మీద అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళు కట్టాం, అక్కడికి పొమ్మన్నారు. వల లాగేవాణ్ణి తీసుకెళ్ళి సముద్రం కనబడని చోట పెడితే వాడేం తినాలి అని ఎవరూ అడగలేదు. ఈవిడ అడిగింది. ఆఫీసు ఆఫీసుకీ వెళ్ళి అడిగింది. ఇళ్ళు పడగొట్టే రోజున గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. వాళ్ళు కుర్చీతో సహా ఎత్తి తీసుకెళ్ళి లారీలో పెట్టేశారు. అక్కణ్ణుంచి చూస్తూనే ఉందట, రేకులు ఒంగిపోవడం, గోడ పడిపోవడం. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఏడుస్తుంటే ఈవిడకి ఏడుపు రాలేదట. వంటింట్లో పొయ్యి కనబడిందట బయటికి, ఎండలో. 'నా పొయ్యి అందరూ చూస్తున్నారురా' అనేది. ఇంటి ఆడదానికి అదెలా ఉంటుందో మనకేం తెలుస్తుందమ్మా.

మావయ్య ఆ కొత్త ఇంట్లో ఎక్కువ రోజులు బతకలేదు. రోగమేంటో డాక్టర్లకీ తెలియలేదట. కిటికీ దగ్గర కూర్చుని 'గాలి మారింది లోవా, ఇవాళ చేప ఒడ్డుకొస్తుంది' అనేవాడట, అక్కణ్ణుంచి గుట్టలు తప్ప ఏమీ కనబడవు. అలాగే పోయాడు. ఆయన పోయాక ఈవిడ ఊరుకుంటుందనుకున్నారు అంతా. ఊరుకోలేదు. మీటింగులకి వెళ్ళేది, తెలుగులో, జూలూలో మాట్లాడేది. నల్లామెలు ఆ అనుమతి కాగితాలు తగలబెట్టిన రోజున వాళ్ళతో కలిసి నడిచింది. ఇంక పోలీసులు చూసి చూసి, ఓ రోజు చేపల బజారుకే వచ్చి ఓ ఆర్డరు చేతిలో పెట్టారు. దానికి కోర్టు లేదు, విచారణ లేదు. మంత్రి సంతకం చేస్తే చాలు. మీ పాఠంలో ఉందా అది? ఉందా. ఏం చెప్పారు మరి? ఆ, అదే. నిషేధం. రేవుకి వెళ్ళకూడదు. బజారుకి వెళ్ళకూడదు. ఆ పేట దాటి అడుగు పెట్టకూడదు. ఒక్కసారి ఒక్క మనిషితోనే మాట్లాడాలి. ఇంకొకడు వచ్చి చేరాడా, అది గుంపు. గుంపులో ఉంటే జైలు. చేపలమ్మే మనిషిని రేవుకి పోవద్దంటే ఏంటి అర్థం? చంపలేదంతే.

అప్పుడే రత్నమాణిక్యం పెళ్ళి కుదిరింది. ఆలస్యం చేస్తే ఈవిణ్ణి ఎప్పుడు మళ్ళీ లోపల వేస్తారో అని తొందరపడ్డారు. పెళ్ళికొడుకు స్కూల్లో మాస్టారు, తెలుగోళ్ళ అబ్బాయే. మరి పెళ్ళంటే గుంపే కదా. ఈవిడ వెళ్ళి పోలీసు దొరని అడిగింది, 'ఒక్కగానొక్క కూతురండి, ఆ పూటకి సెలవివ్వండి' అని. ఎవరినీ ఏదీ అడగని మనిషి అడిగింది. వాడేమన్నాడో తెలుసా? 'నీ ఇంట్లోనే పెళ్ళి చెయ్యి, నాకేం అభ్యంతరం లేదు. నువ్వు మాత్రం అక్కడ ఉండకూడదు' అన్నాడట. అందుకని పెరట్లో వంటసామాను పెట్టుకునే రేకుల గదిలో కూర్చుంది. పందిరి ఇటు, గది అటు. గేటు దగ్గర పోలీసు. బాజాలు వినబడుతున్నాయి, మంత్రాలు వినబడుతున్నాయి. మన పురోహితులు లేరు కదా అక్కడ, ఎవరో పెద్దాయన వచ్చీరాని మంత్రాలు తప్పుల్తడకగా చదువుతుంటే, గదిలోంచి ఈవిడకి నవ్వొచ్చిందట. బంధువులు ఒక్కొక్కళ్ళూ గదిలోకి వచ్చి పలకరించి పోతున్నారు, ఒకళ్ళు బయటికొచ్చాకే ఇంకొకళ్ళు. తాళి కట్టాక అక్షింతలు వేయించుకోవాలి కదా తల్లి చేత. ఇద్దరూ జంటగా గదిలోకి వెళ్తే, ఈవిడతో కలిపి ముగ్గురు. పోలీసు అడ్డం నిలబడ్డాడు. మావాళ్ళు బతిమాలారు, 'అయ్యా, కొంగులు ముడేశాం, విప్పకూడదు' అని. వాడికేం తెలుస్తుంది? ఆఖరికి ఆ ముడి విప్పి, పిల్ల ముందు వెళ్ళింది, కాళ్ళకి దణ్ణం పెట్టింది, బయటికొచ్చింది. తర్వాత అల్లుడు వెళ్ళాడు, దణ్ణం పెట్టాడు. ఇద్దరినీ ఒక్కసారి చూడలేదమ్మా ఆవిడ. పెళ్ళిబట్టల్లో కూతుర్నీ అల్లుణ్ణీ పక్కపక్కన చూడలేదు.

మంచినీళ్ళు ఇవ్వు తల్లీ. ఆ చెంబులోవే. చాలు.

తర్వాత ఏముంది. కూతురితోనే ఉంది. ఈవిడ ఉన్న ఇల్లని వారానికోసారి సోదాలు. పరుపులు చించడం, బియ్యం ఒలకబోయడం. అల్లుడిది గవర్నమెంటు స్కూలు. హెడ్మాస్టరు పిలిచి 'నీ అత్తగారి వల్ల నీకు ముప్పుంది' అన్నాడట. అప్పుడు ఈవిడ కాగితం పెట్టుకుంది, ఈ దేశం వదిలిపోతానని. వాళ్ళిచ్చారు. సంతోషంగా ఇచ్చారు. దాని అర్థం ఏంటంటే, వెళ్ళడానికే అది, తిరిగి రావడానికి కాదు. కాలు పెడితే జైలే. పుట్టిన ఊరమ్మా అది ఆవిడకి. ఈ ఊరు ఆవిడ చూసింది లేదు, వాళ్ళ నాన్న చెబితే విన్నదే.

ఓడలో బొంబాయి, అక్కణ్ణుంచి రైళ్ళు మారి మారి నర్సాపురం. తంతి ముందు వచ్చింది కాబట్టి మా నాన్న వెళ్ళాడు. అప్పట్లో మన రేవు వేలంపాట నాన్నే పాడుకునేవాడు, ఏటి మీద జనాన్ని దాటించడం మాదే పని. ఇప్పుడంటే పంటు వచ్చింది, కార్లు కూడా ఎక్కించేస్తున్నారు. అప్పుడు గెడకర్ర, తెరచాప, అంతే. నేనూ పడవలో ఉన్నాను, మీసాలొచ్చిన వయసు నాకు. రేకు పెట్టె ఒకటి పెట్టుకుని ఎక్కింది. అడ్డబల్ల మీద కూర్చోబెట్టాం. ఏటికేసి చూస్తూ కళ్ళు ఆర్పట్లేదు. ఇంతలో మన హరిజనపేట సువార్తమ్మ ఎక్కింది, చంటిపిల్లని భుజాన వేసుకుని. ఆస్పత్రికి తీసుకెళ్ళి తీసుకొస్తోంది, పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. బల్ల సగం ఖాళీ. సువార్తమ్మ వెళ్ళి పడవ తోక దగ్గర నిలబడింది. పేటవాళ్ళు అక్కడే నిలబడాలి మరి, బల్లలు కామందులకీ, మిగతా కులాలవాళ్ళకీ. లోవమ్మత్త చూసింది. 'తమ్ముడూ, ఖాళీ ఉంది కదా, చంటిపిల్లతో ఎందుకు నిలబడింది?' నాన్న, 'అది అంతేలే అక్కా.' 'ఏది అంతే? బోర్డేదీ?' 'ఏం బోర్డు?' 'ఎవరు కూర్చోవాలో రాసిన బోర్డు.' నాన్నకి అర్థం కాలేదు. 'బోర్డెందుకక్కా, అందరికీ తెలుసుగా' అన్నాడు. ఆవిడ మొహం ఎలా అయిపోయిందో నేను చూశాను. 'రామ్మా, కూర్చో' అని సువార్తమ్మని పిలిచింది. ఆవిడెక్కడొస్తుంది, హడలిపోయింది. దాంతో ఈవిడే లేచి, అన్ని రోజులు ఓడలో వచ్చిన మనిషి, అటూ ఇటూ ఊగుతూ వెళ్ళి తోక దగ్గర ఆవిడ పక్కన నిలబడింది. అవతలి ఒడ్డుదాకా.

అది మొదలు. మన పడవెక్కినప్పుడల్లా అక్కడే నిలబడేది. కామందులకి మొదట నవ్వులాట. 'బంగార్రాజూ, మీ దొరసానికి కూర్చోడం రాదా ఏంటి?' అనేవాళ్ళు. తర్వాత తర్వాత నవ్వులు పోయాయి. పంచాయతీ ప్రెసిడెంటు గారు నాన్నని పిలిపించారు. నాన్న ఇంటికొచ్చి మొత్తుకున్నాడు, 'అక్కా, రేవు పోతే అందరం పస్తులు. నువ్వు బల్ల మీద కూర్చో, నీ కాళ్ళు పట్టుకుంటాను.' ఆవిడ అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. చేపలు కడుగుతూ అంది, 'అక్కడ చట్టమే విడదీసిందిరా. చట్టానికి ఎదురెళ్ళాం, జైలుకి పోయాం. మీ దేశంలో చట్టం ఇది తప్పంటోంది కదా. మరి నీకెవరి భయం?' మా అమ్మ లోపల్నుంచి, 'కడుపు భయం వదినా' అంది. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. 'అవును. అది నిజమే' అంది. తప్పేం పట్టలేదు.

తర్వాత ఏం చేశాడో చూడు మా నాన్న. గొడ్డలి తీసుకెళ్ళి పడవలో అడ్డబల్లలు రెండూ ఊడబీకేశాడు. అడిగితే 'పుచ్చిపోయాయండి, కొత్తవి చేయించాలి' అన్నాడు. చేయించడు. ఇంకేముంది, కామందులూ నిలబడాలి, పేటా నిలబడాలి, ప్రెసిడెంటు గారు గొడుగు పట్టుకుని, పంచె ఓ చేత్తో ఎత్తిపట్టుకుని, సువార్తమ్మ గడ్డిమోపు పక్కన నిలబడాలి. లోవమ్మత్త ఆ రోజు నవ్వు ఆపుకోలేక ఏటికేసి తిరిగిపోయింది. తర్వాతి వేలంపాటలో రేవు మాకు రాలేదులే. ఎందుకొస్తుంది? నాన్న మళ్ళీ వల పట్టాడు, అత్తా అమ్మా బుట్టలెత్తుకుని ఊళ్ళమ్మట తిరిగారు. కష్టపడ్డాం, లేదనను. కొత్తగా పాడుకున్నవాడు బల్లలు మళ్ళీ వేశాడు. మొదటి రోజునే లోవమ్మత్త సువార్తమ్మ చెయ్యి పట్టుకుని ఎక్కింది. ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. ఒకాయన 'లే! లే!' అని అరుస్తున్నాడు. సువార్తమ్మ బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది. లేవలేదు. ఆ తర్వాత పేట కుర్రాళ్ళు కూర్చోడం మొదలెట్టారు. ఒకట్రెండు సార్లు తలలు పగిలాయి, కేసు కూడా నడిచింది. అంత సులువుగా ఏం అయిపోలేదు. కానీ అయింది.

ఆవిడ మాత్రం రేడియో దగ్గర చెవి పెట్టుకుని ఉండేది. వార్తల్లో ఆ దేశం పేరు వస్తే అందరూ నోళ్ళు మూసుకోవాలి. కూతురి నుంచి ఉత్తరాలు వచ్చేవి మొదట్లో, అక్కడి పోలీసులు విప్పి చదివి అంటించినవి. తర్వాత అవీ లేవు. ఎవరు ఆపారో. అక్కడ ఆ చట్టాలు పోకముందే ఈవిడ పోయింది. పెద్ద జబ్బేం కాదు, పొద్దున్న బుట్ట అల్లుతూ అల్లుతూ గోడకి వాలిపోయింది. అస్థికలు నేనే తీసుకెళ్ళి అంతర్వేది దగ్గర ఏరు సముద్రంలో కలిసేచోట కలిపాను.

అక్కడ అందరికీ ఓట్లొచ్చాయని టీవీలో చూపించాక, ఇంకో రెండేళ్ళకి అనుకుంటా, కారు దిగి ఒకావిడ మనింటికొచ్చింది. తల నెరిసింది. చీర కట్టుకోడం అలవాటు లేనట్టుంది, మాటిమాటికీ కొంగు సర్దుకుంటోంది. 'నేను రత్నమాణిక్యం. నా తెలుగు పాతది, నవ్వకండి' అంది. నవ్వెక్కడొస్తుంది, అచ్చం అత్త గొంతే. మర్నాడు అమ్మని కలిపిన చోటు చూపించమంది. పడవ మీద తీసుకెళ్ళాను, నేనూ ఆవిడే. సంగమం దగ్గర ఇంజను ఆపేశాను. అప్పుడు అడిగింది, 'అమ్మ ఎందుకొచ్చేసిందో మీకు చెప్పిందా?' అని. 'చెప్పిందమ్మా. గవర్నమెంటు ఉండనివ్వలేదు కదా' అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. 'నేను పొమ్మన్నాను. నాకు అప్పుడు కడుపులో బిడ్డ. పోలీసులు మంచం తిరగేసి పోయారు. నేను అరిచాను, నువ్వు ఉన్నంతకాలం మమ్మల్ని బతకనివ్వవు, ఎక్కడికైనా పో అని. మర్నాడు వెళ్ళి కాగితం పెట్టుకుంది. ఓడ ఎక్కేదాకా నాతో ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.'

అన్నేళ్ళు మనింట్లో ఉందమ్మా లోవమ్మత్త. జైలు చెప్పింది, కోర్టు చెప్పింది, ఇల్లు కూలినది చెప్పింది, పెళ్ళి చెప్పింది. ఈ ముక్క చెప్పలేదు. మా నాన్నకి చెప్పలేదు, మా అమ్మకి చెప్పలేదు. జ్వరంలో పలవరించినప్పుడు కూడా పిల్ల పేరు తప్ప ఇంకేం రాలేదు నోట్లోంచి. ఆ సంగతే చెప్పాను రత్నమాణిక్యానికి. విన్నది. పడవ అంచు పట్టుకుని అలా ఒంగిపోయింది. నేను ఇంకేం...

ఊఁ.

...

కరెంటొచ్చింది. ఆ తలుపులు వేసెయ్యమ్మా, దోమలొచ్చేస్తాయి.